పెరటి షెడ్డు గచ్చు ఎందుకు పగులుతుంది?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లోను, పట్టణాల్లోను ఇంటి వెనుక పెరట్లో ఒక రేకుల షెడ్డు వేసుకోవడం సర్వసాధారణం; అది పశువుల కొట్టం కావచ్చు, పత్తి, ఎరువుల బస్తాలు దాచుకునే గది కావచ్చు, మోటారు సైకిలు నిలుపుకునే నీడ కావచ్చు. నాలుగు మూలల కడీలు గానీ ఇనుప పైపులు గానీ పాతి, పైన రేకులు బిగించి, అడుగున నాలుగంగుళాల మందాన కాంక్రీటు గచ్చు పోస్తే పని ముగిసినట్టే భావిస్తారు కాబట్టి, ఇల్లు కట్టేటప్పుడు ఇంజినీరు సలహా తీసుకునే కుటుంబాలు సైతం షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆ అవసరం ఉందనుకోవు. ఏడాది తిరిగేలోగా ఆ గచ్చు మీద నెర్రెలు కనిపిస్తాయి, ఊడ్చిన ప్రతిసారీ బూడిదరంగు పిండి చీపురుకు అంటుతుంది, ఒక మూల కుంగి వాననీరు అక్కడే నిలుస్తుంది. అదే సుతారి, అదే దుకాణం నుంచి తెచ్చిన అదే సిమెంటుతో వేసిన ఇంటి స్లాబు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. నల్లరేగడి ఊళ్లలో ఈ చిక్కు మరింత ముదురుతుంది: రెండంతస్తుల ఇంటి కింద కదలని నేల, దాని పక్కనే రేకులు, కడీలు తప్ప మరే బరువూ లేని షెడ్డు కింద కదులుతుంది.

వైఫల్యం కనిపించగానే నింద సిమెంటు కంపెనీ మీదకో, ఇసుక లారీ మీదకో పోతుంది. నిజానికి ఈ ప్రాంతానికి కాంక్రీటు సరుకు కొరత ఎన్నడూ లేదు. మంచిర్యాలలో 1958 నాటికే సిమెంటు కర్మాగారం వచ్చింది. బసంత్‌నగర్‌లో 1969లో, దేవాపూర్‌లో 1982లో మరో రెండు మొదలయ్యాయి. రామగుండం విద్యుత్ కేంద్రాల బొగ్గు బూడిద సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. కరీంనగర్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు కంకరను, మానేరు, గోదావరి ఇసుకను ఇస్తున్నాయి. పెరటి గచ్చు చెడిపోవడానికి చాలా సందర్భాల్లో కారణం నీరు. కలిపేటప్పుడు అది ఎక్కువవుతుంది, పోసిన తరువాత తక్కువవుతుంది, కింది నేలలో ఒకచోట చేరి మరోచోట చేరకుండా పోతుంది. ఈ మూడు దశల్లోనూ నీరు చేసే పని వేరు కనుక ఒక్కొక్కదాన్ని విడిగా పరిశీలించవలసి ఉంటుంది.

గట్టిపడటం అంటే ఎండటం కాదు

కాంక్రీటు ఎండి గట్టిపడుతుందన్న నమ్మకం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, పోసిన మరునాడు గచ్చు తెల్లబడితే పని బాగా కుదిరిందని సంతోషించేవారు కూడా ఉంటారు. వాస్తవంలో సిమెంటు ఎండడం వల్ల గట్టిపడదు. నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థంగా మారడం వల్ల గట్టిపడుతుంది. అందుకే నదిలో, నీటి అడుగున పోసిన వంతెన పునాది కూడా రాయిలా తయారవుతుంది.

సున్నపురాయిని, బంకమట్టిని కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చినప్పుడు క్లింకర్ అనే నల్లని గుండ్లు ఏర్పడతాయి; వాటిని కొద్దిగా జిప్సంతో కలిపి మెత్తగా నూరితే సిమెంటు అవుతుంది. నీరు తగిలిన వెంటనే బిగుసుకుపోకుండా ఆపి, కలపడానికి, పోయడానికి వ్యవధి ఇచ్చేది ఆ జిప్సమే. సిమెంటులో ప్రధాన భాగమైన కాల్షియం సిలికేట్లు నీటిని తమలో కలుపుకొని, కంటికి కనిపించనంత సన్నని రేకుల్లా, పోగుల్లా పెరిగి, ఇసుక రేణువుల మధ్య, కంకర రాళ్ల మధ్య ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. ఈ చర్యను హైడ్రేషన్ అంటారు. కంకరను పట్టి ఉంచే బలమంతా ఈ పోగుల అల్లికలో ఉంది. మామూలు సిమెంటుతో చేసిన కాంక్రీటుకు మూడు రోజుల్లో దాదాపు 40 శాతం, ఏడు రోజుల్లో 65 శాతం, 28 రోజుల్లో దాదాపు పూర్తి బలం వస్తుందని స్థూలంగా లెక్కిస్తారు. నీరు అందినంత కాలం ఆ తరువాత కూడా చర్య మెల్లగా సాగుతూనే ఉంటుంది. నీరు మధ్యలోనే ఆవిరైపోతే అల్లిక అక్కడే ఆగిపోతుంది. పైకి గట్టిగా కనిపించే ఆ గచ్చు రసాయనికంగా సగంలో ఆగిన పని.

బస్తాకు ఎన్ని నీళ్లు?

చర్యకు నీరు కావాలి కాబట్టి ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదన్న ఊహ సహజంగానే కలుగుతుంది. 50 కిలోల సిమెంటు బస్తా పూర్తిగా రసాయనిక మార్పు చెందడానికి దాదాపు 12 లీటర్ల నీరు చాలు. ఏర్పడిన పదార్థపు అతి సన్నని రంధ్రాల్లో చిక్కుకొని ఉండేందుకు మరో ఏడెనిమిది లీటర్లు అవసరమవుతాయి. అంటే మొత్తం ఇరవై లీటర్లు. అంతే నీటితో కలిపితే మాలు పారకు అంటుకునేంత బిరుసుగా ఉండి, కంకర మధ్య ఖాళీల్లోకి దిగదు కనుక, పని సాగడం కోసం ఇంకొంత పోయక తప్పదు. కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఈ అవసరాన్ని గుర్తిస్తూనే, ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లకు దగ్గరగా ఉండే ఎం20 రకం మిశ్రమానికి బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయకూడదని హద్దు గీసింది.

పెరటి పనిలో ఆ హద్దు దాటని రోజు అరుదు. మిక్సర్ ఉండదు, నేల మీదనో రేకు మీదనో ఇసుక, సిమెంటు, కంకర కుప్ప చేసి, నడుమ గుంత తీసి, బకెట్లతో నీళ్లు కుమ్మరించి పారలతో తిరగేస్తారు. ఎండలో పనిచేసే కూలీలకు పలుచని మాలు పార మీద తేలికగా జారుతుంది, తట్టలోంచి సులువుగా పడుతుంది, గచ్చు మీద దానంతటదే పరుచుకుంటుంది. వారి శ్రమను చూసినవారెవరికైనా ఈ మొగ్గు అర్థమవుతుంది. బస్తాకు నలభై లీటర్లు పడినా పోస్తున్నప్పుడు ఏ దోషమూ కనిపించదు. అవసరానికి మించిన ఇరవై లీటర్లు ఆ తరువాతి వారాల్లో ఆవిరై బయటికి పోతాయి. అవి ఉన్న చోటల్లా ఖాళీ మిగులుతుంది. అటువంటి గచ్చు లోపల లక్షలాది సన్నని దారులు ఉంటాయి కనుక అది తక్కువ బరువుకే నలుగుతుంది, నీటిని పీలుస్తుంది, కడ్డీలు ఉంటే వాటికి తుప్పు పట్టనిస్తుంది.

నీటికి, సిమెంటుకు మధ్య ఉన్న ఈ నిష్పత్తే కాంక్రీటు బలాన్ని శాసిస్తుందని అమెరికాలోని చికాగోలో డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే విస్తృత ప్రయోగాలతో నిరూపించాడు. ఒక పాలు సిమెంటుకు సగం పాలు నీరు కలిపిన కాంక్రీటుతో పోలిస్తే, ముప్పావు పాలు దాకా నీరు కలిపినదాని బలం మూడో వంతుకు పైగా పడిపోతుంది. ఆ నష్టాన్ని మరో అర బస్తా సిమెంటుతో పూడ్చాలని చూడటం ఖరీదైన మార్గం. ఒక బకెట్ తక్కువ పోయడానికి ఖర్చేమీ లేదు.

మాలు మరీ బిరుసుగా ఉంటే ఎదురయ్యే ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. సరిగా కూరకపోతే రాళ్ల మధ్య గాలి బొందలు మిగిలి, ప్రతి ఒక్క శాతం ఖాళీకి సుమారు ఐదారు శాతం చొప్పున బలం తగ్గుతుంది. కాబట్టి నీరు తగ్గించిన చోట కూరడానికి శ్రమ పెంచవలసిందే: పిల్లరులో కడ్డీతో పొడవడం, అచ్చు పలకల మీద బయటి నుంచి తట్టడం, గచ్చు మీద బరువైన కర్రపలకతో దిమ్మిస కొట్టడం తప్పనిసరి. అద్దెకు దొరికే చిన్న వైబ్రేటర్ ఈ పనిని ఇంకా మేలుగా చేస్తుంది.

పెట్టె: తడి ఇసుకలో దాగిన నీరు

వానకాలంలో వాగు నుంచి తెచ్చిన ఇసుక ఎండకాలపు ఇసుక కాదు. రేణువుల చుట్టూ పట్టిన పలుచని నీటి పొర వాటిని ఎడంగా నెడుతుంది కాబట్టి, నాలుగైదు శాతం తడి ఉన్న ఇసుక పొడి ఇసుక కన్నా 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బి కనిపిస్తుంది. తట్టలతో కొలిచేచోట లెక్క అంత మేరకు తప్పుతుంది. పూర్తిగా నీట మునిగిన ఇసుక మళ్లీ పాత పరిమాణానికే కుదించుకుపోతుంది. ఎం20 మిశ్రమంలో బస్తా సిమెంటుకు దాదాపు 80 కిలోల ఇసుక పడుతుంది. అందులో ఐదు శాతం తడి ఉంటే ఎవరూ పోయని నాలుగు లీటర్ల నీరు మాలులోకి చేరినట్టే. ఇసుకలోని మట్టిని తెలుసుకోవడానికి గాజు సీసా చాలు: సగం దాకా ఇసుక, పైన చిటికెడు ఉప్పు వేసిన నీరు పోసి, బాగా కుదిపి మూడు గంటలు కదల్చకుండా ఉంచితే ఇసుక మీద మట్టి వేరే పొరగా పేరుతుంది, ఆ పొర ఇసుక ఎత్తులో ఎనిమిది శాతం దాటితే కడిగిన తరువాతే వాడాలి. క్రషర్ల దగ్గర చౌకగా దొరికే రాతి పొడికీ, జల్లించి కడిగిన రోబో ఇసుకకూ తేడా ఉంది. రాతి పొడిలో దుమ్ము ఎక్కువ కనుక అది ఎక్కువ నీరు అడుగుతుంది.

పైపొర పిండిలా రాలడం

పోసిన అరగంట తరువాత గచ్చును దగ్గరగా చూస్తే ఉపరితలం మీద నీటి మెరుపు కనిపిస్తుంది. బరువైన కంకర, ఇసుక కిందికి దిగుతూ ఉంటే తేలికైన నీరు పైకి ఊరుతుంది; పలుచని మాలులో ఈ ఊట మరీ ఎక్కువ. ఆ నీరు తనతోపాటు సిమెంటులోని అతి సన్నని రేణువులను, ఇసుకలోని మట్టిని మోసుకొచ్చి పైన పరుస్తుంది. నీరు ఆరేదాకా ఆగకుండా సుతారి తాపీతో రుద్దినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి ఉపరితలం అద్దంలా నున్నగా అవుతుంది, చూసేవారికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నున్నని పొర నిండా నీరే కాబట్టి గచ్చు మొత్తంలో అత్యంత బలహీనమైన భాగం అదే. ఊరిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి రుద్దే అలవాటు ఇంకా చేటు: పైన గట్టి చర్మం, దాని కింద చిక్కుకున్న నీరు, ఆ నీటి చోట మిగిలే ఖాళీ కలిసి కొన్ని నెలలకే పెచ్చులు లేపుతాయి.

ఊట నీరు ఆరి, మెరుపు పోయి, బొటనవేలితో నొక్కితే చిన్న గుంత మాత్రమే పడే దశ వచ్చేదాకా ఓపిక పట్టడం ఇందుకు పరిష్కారం. ఆ నిరీక్షణ ఎండాకాలంలో అరగంట కావచ్చు, డిసెంబరు ఉదయం రెండు మూడు గంటలు కావచ్చు. రోజు కూలీ లెక్కన పనిచేసే చోట ఆ గంటలకు డబ్బు ఇవ్వడానికి యజమాని సిద్ధపడకపోతే సుతారి ఆగడు. ఆగమనడం న్యాయం కూడా కాదు.

పశువుల కొట్టంలో ఇంకొక విశేషం ఉంది. పేడ, మూత్రం నుంచి పుట్టే అమ్మోనియం లవణాలు సిమెంటు అల్లికలోని సున్నాన్ని కరిగించి మెల్లగా తినివేస్తాయి కాబట్టి, అక్కడ గుల్లగా ఉన్న గచ్చు మామూలు గదిలో కన్నా త్వరగా పాడవుతుంది. మూత్రం నిలవకుండా మోరీ వైపు వాలు ఇవ్వడం, గిట్టలు జారకుండా ఉపరితలాన్ని చీపురుతో గీరి గరుకుగా ఉంచడం రెండూ అవసరమే.

మే నెల ఎండ, డిసెంబరు చలి

రామగుండం, ఆదిలాబాద్, జగిత్యాల పరిసరాల్లో మే నెల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. వ్యవసాయ పనులు లేని రోజులు, వానలకు ముందు ముగించాలన్న తొందర కలిసి పెరటి నిర్మాణాలు ఎక్కువగా ఆ కాలంలోనే జరుగుతాయి. ఎండలో పడి ఉన్న కంకర చేతితో ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. డ్రమ్ములో నీరు కూడా అంతే. వేడి మాలులో హైడ్రేషన్ వేగం పెరిగి సిమెంటు త్వరగా బిగుస్తుంది, బిగుస్తున్న మాలును మెత్తబరచడానికి కూలీలు మళ్లీ నీరు పోస్తారు. అప్పటికే మొదలైన పోగుల అల్లికను తెంచి, అదనపు నీటితో నింపడమే ఆ రెండోసారి పోత చేసే పని.

ఇంతకన్నా త్వరగా కనిపించే దెబ్బ మరొకటి ఉంది. వడగాలి గచ్చు మీది నీటిని, అడుగు నుంచి ఊట వచ్చే వేగం కన్నా వేగంగా లాక్కుపోయినప్పుడు పైపొర కుంచించుకుపోతుంది, ఇంకా మెత్తగా ఉన్న కింది పొర దాన్ని అడ్డుకుంటుంది, దాంతో అడుగు రెండడుగుల ఎడంతో దాదాపు సమాంతరంగా నెర్రెలు విచ్చుకుంటాయి. చదరపు మీటరు నుంచి గంటకు సుమారు ఒక కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి ఏర్పడితే ఈ ప్రమాదం మొదలవుతుందని ఇంజినీర్లు లెక్కిస్తారు. మే మధ్యాహ్నపు వడగాలి ఆ గీతను సునాయాసంగా దాటుతుంది. ఈ నెర్రెలు పోసిన కొన్ని గంటల్లోనే, సుతారి ఇంటికి వెళ్లకముందే పుడతాయి కాబట్టి సిమెంటు నకిలీదన్న అనుమానం అప్పుడే బలపడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక పోయడం, కంకర మీద ముందుగా నీళ్లు చల్లి చల్లబరచడం, నీటి డ్రమ్మును నీడలో ఉంచడం, పొడి నేల మాలులోని నీటిని పీల్చుకోకుండా గచ్చు కింది మొరాన్ని తడిపి ఉంచడం, పని ముగిసిన వెంటనే టార్పాలిన్‌తో కప్పడం కలిస్తే ఈ నెర్రెల్లో చాలావరకు రావు.

చలికాలపు చిక్కు దీనికి పూర్తిగా భిన్నం. ఆదిలాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల లోపుకు పడిపోతాయి. ఆ చలిలో చర్య మందగిస్తుంది. షెడ్డు మీద రేకులకు బదులు చిన్న స్లాబు వేసుకున్నవారు సెంట్రింగు విప్పడంలో తొందరపడితే ప్రాణాపాయం కూడా ఉంటుంది. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద పోట్లను ఏడు రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతున్నా, మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడినప్పుడు, ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు తగ్గనప్పుడు మాత్రమే ఆ గడువు వర్తిస్తుంది. దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే పీపీసీ రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా బొగ్గు బూడిద ఉంటుంది. అది చివరికి మంచి బలాన్నే ఇస్తుంది గానీ మొదటి వారాల్లో నిదానిస్తుంది. చలి, పీపీసీ రెండూ కలిసినచోట పోట్లు విప్పడానికి ఏడు రోజుల లెక్క చెల్లదు.

తడి నిలపడం

క్యూరింగ్ అంటే రోజుకు రెండుసార్లు పైపుతో నీళ్లు కొట్టడం అన్న అర్థం స్థిరపడిపోయింది. ఉదయం తడిసి, పదింటికల్లా ఆరిపోయి, సాయంత్రం మళ్లీ తడిసే గచ్చులో హైడ్రేషన్ తెగి తెగి సాగుతుంది. పైగా తడవడం, ఆరడం పదే పదే జరగడం వల్ల పైపొర వ్యాకోచిస్తూ, సంకోచిస్తూ సన్నని వలలాంటి పగుళ్లు తెచ్చుకుంటుంది. మట్టితో చుట్టూ మడి కట్టి రెండంగుళాల నీరు నిలపడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. పిల్లర్లకైతే గోనె సంచులు చుట్టి వాటిని ఆరకుండా చూడాలి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో తడిపిన గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి అంచుల మీద మట్టి వేస్తే, ఉన్న నీరు బయటికి పోకుండా అదే పని జరుగుతుంది. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, వేడి, పొడి వాతావరణంలోను, బూడిద కలిసిన సిమెంటుకూ కనీసం పది రోజులు తడి నిలపాలని ప్రమాణం చెబుతోంది. బూడిద సిమెంటుకు పద్నాలుగు రోజులు మేలని కూడా సూచించింది. ఈ ప్రాంతపు ఎండ, ఈ ప్రాంతంలో అమ్ముడయ్యే సిమెంటు రెండిటినీ చూస్తే పద్నాలుగు రోజులకు తక్కువ ఆలోచించడం తగదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కాంక్రీటు కొంత కుంచించుకుంటుంది. మీటరుకు దాదాపు 0.3 మిల్లీమీటరు చొప్పున, ఇరవై అడుగుల గచ్చు దాదాపు రెండు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది; కింది నేల రాపిడి అడ్డుకున్నచోట అది పగులుతుంది. ఈ పగులును ఆపలేము గానీ ఎక్కడ రావాలో నిర్ణయించవచ్చు: పది అడుగులకు మించకుండా, మందంలో నాలుగో వంతు లోతున మొదటి రోజే గాళ్లు పెడితే పగులు ఆ గాడి అడుగున, కంటికి కనబడకుండా వస్తుంది.

నల్లరేగడి మీద తేలికపాటి కట్టడం

ఇంతవరకు చెప్పినదంతా కాంక్రీటు లోపలి నీటికి సంబంధించినది. కరీంనగర్ చుట్టుపక్కల చెల్క నేలల్లో ఆ జాగ్రత్తలు దాదాపు సరిపోతాయి. గ్రానైట్ రాయి శిథిలమై ఏర్పడిన ఆ ఎర్రమట్టి, మొరం తడిసినా ఆరినా పెద్దగా కదలవు. ఆదిలాబాద్ పడమటి భాగానికి, అంటే భైంసా, ముధోల్, బోథ్, జైనథ్, బేల వైపు వెళ్తే దక్కన్ లావా రాయి నుంచి పుట్టిన నల్లరేగడి మొదలవుతుంది. పత్తిని పండించే ఆ నేలే కట్టడాలను కుదిపివేస్తుంది.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం సమృద్ధిగా ఉంటుంది. మోదుగాకు విస్తర్ల కట్టలో ఆకుల మధ్యకు నీరు దిగితే కట్ట ఎలా ఉబ్బుతుందో, ఈ ఖనిజపు పలకల మధ్యకు నీటి అణువులు చొరబడినప్పుడు అది అలాగే ఉబ్బుతుంది. నీరు పోతే పలకలు దగ్గరై నేల ముడుచుకుంటుంది. వేసవిలో పత్తి చేలల్లో చెయ్యి పట్టేంత వెడల్పున నోరు తెరిచే నెర్రెలు ఈ ముడుచుకోవడం వల్లే పుడతాయి. ఉబ్బేటప్పుడు మట్టి పైకి నెట్టే ఒత్తిడిని బరువైన కట్టడం కొంతవరకు అణచగలదు. రెండంతస్తుల ఇంటి గోడ తన కింది మట్టిని నొక్కి ఉంచుతుంది, దాని పునాది కూడా లోతుగా, తడి మారని పొరల దాకా దిగి ఉంటుంది. నాలుగంగుళాల గచ్చుకు అంత బరువూ లేదు, లోతూ లేదు. ఉబ్బే నేల దాన్ని అవలీలగా ఎత్తుతుంది. తేలికైనదానికి పునాది జాగ్రత్త తక్కువ చాలునన్న నమ్మకం రేగడిలో తలకిందులవుతుంది.

నేల అంతా ఒకేసారి ఒకే మేరకు ఉబ్బితే గచ్చు మొత్తంగా లేచి దిగేది, పగిలేది కాదు. గచ్చు తన నడిమి భాగం కింది మట్టిని కప్పి ఉంచుతుంది కనుక అక్కడ తడి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది; అంచుల కింది మట్టి మాత్రం మే నెలలో ఎండి దిగుతుంది, జూలైలో తడిసి లేస్తుంది. నడుమ నిలిచి, అంచులు కదిలినప్పుడు గచ్చు వంగుతుంది, కాంక్రీటుకు వంపును తట్టుకునే గుణం చాలా తక్కువ. పెరటి అమరిక ఈ అసమానతను ఇంకా పెంచుతుంది: ఒక మూలన బట్టలుతికే బండ, దాని పక్కనే కారే మోరీ ఉంటాయి, ఎదుటి మూలన నేల తడిని వేళ్లతో పీల్చే వేపచెట్టు ఉంటుంది. ఒక మూల ఏడాదంతా ఉబ్బి, ఎదుటి మూల ఏడాదంతా ముడుచుకొని ఉన్నప్పుడు గచ్చు ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా పగలడం అనివార్యం.

కింది నేలను నీరు కదిలిస్తే కాంక్రీటు ఎంత గట్టిదైనా నిలవదన్న సంగతిని ఈ ప్రాంతం పెద్ద ఎత్తున చూసింది. 2023 అక్టోబరు 21న, పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ బరాజ్ 7వ బ్లాకు పియర్లు కుంగినప్పుడు, జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు చూపిన కారణాల్లో కట్టడం అడుగున ఉన్న ఇసుక నీటితోపాటు కదిలి పోవడం ఒకటి. బరాజ్‌కు, పెరటి షెడ్డుకు పరిమాణంలో పోలిక లేదు, మట్టి కూడా వేరు. అయినా రెండు చోట్లా కింది నీటి దారిని ముందుగా పట్టించుకోవలసి ఉంటుంది.

రేగడి సమస్యకు భారతీయ ఇంజినీర్లు ఇచ్చిన రెండు సమాధానాలు పేర్కొనదగినవి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున గుండ్రంగా వెడల్పు చేసిన సన్నని కాంక్రీటు స్తంభాలు, సుమారు మూడున్నర మీటర్ల లోతున, ఋతువులకు తడి మారని పొరలో పట్టు సంపాదిస్తాయి. ముంబై ఐఐటీలో ఆర్.కె. కట్టి పరిశోధనల నుంచి వచ్చిన రెండో మార్గం, రేగడికి, కట్టడానికి మధ్య ఉబ్బని బంకమట్టితో దాదాపు మీటరు మందపు పొర వేయడం. పెరటి షెడ్డుకు పైల్స్ వేయించుకోవడం చాలామందికి మించిన ఖర్చే. రెండో మార్గంలోని ఆలోచన మాత్రం చిన్న పనికి కూడా పనికొస్తుంది: రెండు మూడడుగుల లోతున రేగడి తవ్వి తీసి, మంచి మొరాన్ని ఆరంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి నింపడం, గచ్చును షెడ్డు స్తంభాలకు అతికించకుండా సన్నని సందు వదిలి విడిగా పోయడం, చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలిన మరో గచ్చు వేసి అంచుల కింది తడి త్వరగా మారకుండా కాపాడటం చేస్తే కదలిక చాలావరకు తగ్గుతుంది. వట్టి ఇసుకతో నింపడం ఇక్కడ తప్పు. ఇసుక పొరలోకి నీరు సులువుగా చేరి, రేగడి గుంతలో తొట్టిలా నిలిచి, ఉబ్బును పెంచుతుంది.

ఉన్న పగులును చదవడం

ఇప్పటికే పగిలిన గచ్చు ఉన్నవారు మరమ్మతుకు ముందు ఆ పగులు ఏ కోవకు చెందిందో తెలుసుకోవాలి. సన్నగా, సమాంతరంగా, పోసిన రోజే వచ్చినవి ఎండ తెచ్చిన నెర్రెలు; అవి ఇక పెరగవు, పలుచని సిమెంటు పాలు పోసి మూసివేయవచ్చు. వలలా అల్లుకున్నవి పైపొరకే పరిమితం; పిండి రాలే పొరను గీకి తీసేసి, కింది గట్టి కాంక్రీటును తడిపి కొత్త పొర వేయడం తప్ప, దాని మీదే సున్నంలా సిమెంటు పూసినందువల్ల ఫలితం ఉండదు. పగులుకు ఒక వైపు ఎత్తుగా, మరో వైపు పల్లంగా ఉన్నా, ఎండకాలంలో వెడల్పై వానకాలంలో మూసుకుంటున్నా కదులుతున్నది నేల అని అర్థం. పగులుకు రెండు వైపులా పెన్సిలుతో గీతలు గీసి, మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి వాటి మధ్య ఎడాన్ని స్కేలుతో కొలిస్తే సందేహం తీరుతుంది.

కదిలే పగులును మే నెలలో, అది పూర్తిగా విచ్చుకున్నప్పుడు గట్టి సిమెంటుతో నింపితే, వానలకు నేల ఉబ్బి రెండు వైపులూ దగ్గరకు రాబోయినప్పుడు ఆ సిమెంటే అడ్డుపడి, పక్కనే మరో పగులు తెస్తుంది. మోరీ నీటిని గచ్చుకు దూరంగా మళ్లించి, రేకుల మీది వాననీరు అంచున పడకుండా గొట్టంతో బయటికి పంపి, చుట్టూ వాలు సరిచేసిన తరువాత ఒక ఎండకాలం, ఒక వానకాలం ఆ పెన్సిలు గీతల మధ్య ఎడం మారకుండా ఉంటే అప్పుడు సిమెంటుతో పూడ్చవచ్చు; మారుతూనే ఉంటే సాగే గుణమున్న సీలెంటుతో నింపి, నీరు లోపలికి దిగకుండా ఆపడమే చేయగలిగిన పని.